భుజంమీది తాడు, గుండెమీది చక్రం

జనవరి 26వ తేదీన ఢిల్లీలో జరిగే కవాతు చూసేటప్పుడు మన కళ్ళు ముందుగా టాంకులమీదా, విమానాలమీదా పడతాయి. పిల్లల సంగతి సరేసరి! కాని వరుసలు తీర్చి నడిచే సిపాయిల దుస్తులవంక ఒకసారి నిదానించి చూడండి. ఒక దళానికి భుజంమీద ఎర్రతాడు ఉంటుంది. ఒక దళానికి టోపీపై ఏనుగు ఉంటుంది. కొందరి గుండీలు ఇత్తడివి, తళతళలాడుతుంటాయి, మరికొందరివి నల్లనివి. ఇవన్నీ ముచ్చటకోసం పెట్టినవే కాబోలు అనుకుంటాం. నిజానికి ముచ్చటకోసం పుట్టినవి వాటిలో బహు తక్కువ.

భుజాలమీది పట్టీలనే తీసుకోండి. వెనుకటి సిపాయి తూటాలసంచీని తోలుపట్టీతో భుజాన వేలాడదీసుకునేవాడు. అది జారిపోకుండా పట్టి ఉంచడానికి కుట్టిన గుడ్డముక్క అది. సంచీ పోయింది, పట్టీ మిగిలింది. పెద్ద అధికారుల మెడపట్టీకి ఇరువైపులా కనిపించే ఎర్రముక్కలు ఒకనాటి కంఠకవచానికి ఆనవాలు. ఇనుపకవచం కాలక్రమాన చిన్న లోహపుబిళ్ళ అయింది, బిళ్ళను గుండీలకు కట్టే గుడ్డ మాత్రం చివరికి మిగిలింది. ఇక నల్లగుండీలు రైఫిల్ దళాలవి. చెట్ల చాటునా, పొదల చాటునా విడివిడిగా నిలిచి కాల్చవలసినవారికి ఎండలో మెరిసే ఇత్తడి గుండీ ప్రాణాంతకమే గదా!

ఖాకీ రంగుకూడా ఈ మరుగుకోసమే పుట్టింది. ఖాక్ అంటే పారశీకంలో దుమ్ము. 1846లో పెషావరులో హారీ లమ్స్‌డెన్ అనే ఆంగ్లేయాధికారి గైడ్స్ అనే దళాన్ని కూర్చాడు. కొండలలో, దుమ్ములో కలిసిపోయే రంగు బట్టలు తన వాళ్ళకు తొడిగించాడు. తెల్లబట్టకూ, ఎర్రకోటుకూ అలవాటుపడిన దొరలకు అది మొదట్లో మొరటుగానే కనిపించి ఉంటుంది. తరువాత ప్రపంచమంతా అదే దారి పట్టింది.

ఇక ఆ ఎర్రతాడు. అది గఢ్వాల్ రైఫిల్స్ వారిది. మొదటి ప్రపంచయుద్ధంలో ఆ కొండ ప్రాంతపు యువకులు ఫ్రాన్సుదేశపు బురదకందకాలలో పోరాడారు. 1914లో దర్వాన్ సింగ్ నేగీకీ, 1915లో న్యూశాపెల్ యుద్ధంలో మరణించిన గబ్బర్ సింగ్ నేగీకీ విక్టోరియా క్రాస్ లభించింది. ఆ దళం చూపిన పరాక్రమానికి గుర్తింపుగా 1921లో కుడిభుజాన ఎర్రతాడు ధరించే గౌరవం దక్కింది. నేటికీ ఆ దళంలో చేరిన కుర్రవాడు శిక్షణ పూర్తిచేసుకుని ఆ తాడు వేసుకున్ననాడు, తానెన్నడూ చూడని తాతముత్తాతల చలికందకాలను భుజాన వేసుకున్నట్లే.

మద్రాసు రెజిమెంటువారి ఏనుగు కథ ఇంకా విచిత్రం. 1803 సెప్టెంబరు 23న నేటి మహారాష్ట్రలోని అస్సాయే దగ్గర వెల్లెస్లీ సైన్యంలో నిలిచి మద్రాసు సిపాయిలు పోరాడారు. ఆ ఏనుగు ఆ విజయానికి చిహ్నం. ఎదుటి పక్షం ఎవరు? సింధియా, భోంస్లేల మరాఠా సైన్యాలు! నేడు మరాఠా దళమూ, మద్రాసు దళమూ ఒకే జెండాకు వందనం చేస్తున్నాయి. ఏనుగు మాత్రం టోపీమీది చోటు వదలలేదు.

ఈ సందర్భంలో మనవాళ్ళకు సంబంధించిన మాటొకటి. కుంపిణీవారి తొలి పటాలాలలో తెలుగువారు ఎక్కువగా ఉండడంచేత ఉత్తరదేశంలో సిపాయికి ‘తిలంగా’ అనే పేరు స్థిరపడింది. సిపాయి ఏ ఊరివాడైనా, ఏ భాషవాడైనా ‘తిలంగా’యే. 1857లో ఢిల్లీ వీధులలో సైతం ఆ మాటే వినబడింది.

1950 జనవరి 26న భారతసైనికుల దుస్తులపైనుంచి ఆంగ్లరాజు కిరీటం దిగిపోయింది. ఆ స్థానంలో అశోకుని సింహాలు వచ్చాయి. రెండు చుక్కలుంటే లెఫ్టినెంటు, మూడుంటే కెప్టెను, సింహాలొక్కటే ఉంటే మేజరు. జనరల్ హోదాలకు ఖడ్గమూ, దండమూ ఒకదానికొకటి అడ్డంగా ఉంటాయి. 2023 ఆగస్టు 1 నుంచి బ్రిగేడియరూ, ఆపైవారూ ఏ దళంనుంచి వచ్చినా ఒకే తీరు దుస్తులు ధరించాలనే పద్ధతి అమలులోకి వచ్చింది. వారి భుజానికి ఇక దళపు తాడు లేదు. అన్ని దళాలనూ సమంగా చూడవలసినవాడికి ఒక దళపు గుర్తు ఎందుకన్నది న్యాయమే. అయినా పాతికేళ్ళు మోసిన తాడును తీసి పెట్టెలో పెట్టేటప్పుడు చెయ్యి ఒక్క క్షణం ఆగదూ?

ఈ గుర్తుల విషయంలో సైన్యపు పట్టింపు ఎంతటిదో 2019లో క్రికెట్ అభిమానులకు తెలిసివచ్చింది. ప్రపంచకప్పు పోటీలో ధోనీ తన చేతితొడుగులమీద ‘బలిదాన్’ గుర్తు ముద్రించుకున్నాడు. దానిని తీసివేయమన్నది క్రికెట్ సంఘం. అయితే ఆ గుర్తు పారాచూట్ ప్రత్యేక దళంవారికే చెందినది. సైన్యంలోనే మరొకరు దానిని పెట్టుకోవడానికి వీలులేదు.

అన్నిటికంటె పెద్ద గుర్తు పరమవీరచక్రం. దాన్ని రూపొందించినది ఒక గృహిణి, అందులోనూ స్విట్జర్లాండులో పుట్టినావిడ! మన సైనికాధికారి విక్రమ్ ఖానోల్కర్‌ను వివాహమాడి సావిత్రీబాయి అయిన ఆమె, మన పురాణాలను శ్రద్ధగా చదువుకున్నది. మేజర్ జనరల్ హీరాలాల్ అటల్ కోరగా ఈ పతకానికి రూపం కల్పించింది. నడుమ సింహాల ముద్ర, చుట్టూ నాలుగు వజ్రాయుధాలు. దధీచి మహర్షి తన వెన్నెముకనే ఇచ్చి ఇంద్రుని వజ్రాయుధానికి కారణమైన కథ మన ఇళ్ళల్లో పిల్లలకు చెప్పేదేగదా, అదే ఆ కంచుబిళ్ళలో ఉన్నది. ఊదారంగు పట్టీకి దాన్ని వేలాడదీస్తారు. మొట్టమొదటి పరమవీరచక్రం 1947 నవంబరు 3న బడ్గాంలో మరణించిన మేజర్ సోమనాథ్ శర్మకు దక్కింది. సావిత్రీబాయి కుమార్తె మెట్టినది ఆ శర్మగారి ఇల్లే. ఆయన సోదరుడే ఆమె అల్లుడు.

మరి పతకం వచ్చేసరికి దాన్ని ధరించేవాడు లేకపోతే? గఢ్వాల్ కొండలలో గబ్బర్ సింగ్ నేగీ భార్య ఆ విక్టోరియా క్రాస్‌ను తన దుస్తులకే తగిలించుకుని నలుగురిలోకి వచ్చేది. సైనికుడు పతకాలను ఎడమవైపున, గుండెమీద పెట్టుకుంటాడు. అతని తరఫున ఇంటివారు పెట్టుకుంటే కుడివైపున పెట్టుకోవాలి. చూసినవారెవరికైనా, ఈ పతకం ఈమెది కాదు, ఈమె కోల్పోయిన మనిషిదని మాట లేకుండానే తెలుస్తుంది. యుద్ధస్మారకాలవద్ద నివాళులర్పించే సమయాలలో కుటుంబసభ్యులు ఇలా ధరించవచ్చునని 2018లో మన సైన్యం తెలియజేసింది.

పశ్చిమగోదావరి జిల్లా తాడేపల్లిగూడెం దగ్గరి మాధవరానికి ‘మిలటరీ మాధవరం’ అనే పేరున్నది. అటువంటి ఊళ్ళలో ఎన్ని పెట్టెల అడుగున ఎన్ని పతకాలు మడతబట్టలో ఉన్నాయో! సూర్యాపేటకు చెందిన కర్నల్ సంతోష్‌బాబు 2020 జూన్ 15న గల్వాన్ లోయలో మరణించాడు. ఆయనకు ప్రకటించిన మహావీరచక్రాన్ని 2021 నవంబరులో రాష్ట్రపతి భవనంలో తల్లీ, భార్యా కలిసి అందుకున్నారు. దాని పట్టీలో సగం తెలుపు, సగం కాషాయం. వారు దాన్ని ధరించవలసివస్తే, కుడివైపున.