మీకు తెలుసా? పార్శ్వపు నొప్పికి పాలూ జిలేబీ!

బిలాస్‌పూర్ గోల్ బజార్‌లో జిలేబీ కట్టించుకునే వాళ్లందరూ నోటి రుచికే కొంటున్నారనుకోకండి. హిందీ ప్రాంతాల్లో పార్శ్వపు నొప్పికి అదొక ఇంటివైద్యం. పొద్దు పొడవక ముందే వేడి పాలలో నానేసి తినమంటారు పెద్దలు. బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే కాలం నుంచీ ఇక్కడ స్థిరపడ్డ మన తెలుగు కుటుంబాలకు ఇదేం కొత్త మాట కాదు.

జిలేబీలో మందు గుణం ఉందని ఎవరూ రుజువు చేయలేదు. షుగరు ఉన్నవాళ్లు ఆ జోలికే పోవద్దు. అయితే ఆ సలహాలో ఒక కిటుకుంది: తెల్లారేసరికి కడుపులో ఏదో ఒకటి పడుతుంది. 2007లో అమెరికాలో కెల్మన్ అనే వైద్యుడు 1,200 మందికి పైగా మైగ్రేన్ (పార్శ్వపు నొప్పి) రోగుల వివరాలు పరిశీలించారు. ఫలానా పదార్థం తింటే నొప్పి వస్తోందన్నవాళ్లు 27 శాతం. వేళకు తినకపోతే వస్తోందన్నవాళ్లు 57 శాతం! నవరాత్రుల్లో ఉపవాసముండి రతన్‌పూర్ మహామాయ గుడికి బయల్దేరేవాళ్లు గుర్తుంచుకోవాల్సిన లెక్క ఇది. యూదులు యోమ్ కిప్పూర్ నాడు దాదాపు 25 గంటలు మంచినీళ్లయినా ముట్టరు. ఆ రోజు తలనొప్పి ఎంత మామూలంటే, దానికి ఆ పండగ పేరే పెట్టి వైద్యులు పరిశోధన చేశారు.

అందరూ తిట్టిపోసే అజినొమోటో సంగతేమిటి? 1968లో ఓ అమెరికన్ వైద్య పత్రికలో వచ్చిన ఒక్క ఉత్తరంతో దానికి చెడ్డపేరు అంటుకుంది. ఏది తింటున్నారో చెప్పకుండా తినిపించి చూసిన పరీక్షల్లో ఫలితాలు నిలకడగా రాలేదు. తలనొప్పి కారణాల జాబితా నుంచి అంతర్జాతీయ తలనొప్పుల సంఘం 2018లో దాన్ని తీసేసింది. అసలు అందులో ఉండే గ్లూటమేట్ మన టమాటా పప్పులోనూ ఉంది మరి!

చాక్లెట్టుది ఇంకా తమాషా. నొప్పి మొదలవడానికి కొన్ని గంటల ముందు, ఒక్కోసారి ముందురోజే, కొందరికి ఆవలింతలు వస్తాయి, తీపి మీదికి మనసు పోతుంది. మైగ్రేన్ అప్పటికే లోపల మొదలైందన్నమాట. చాక్లెట్ తిన్నాక తల పగిలితే నింద చాక్లెట్టు మీద పడుతుంది.

ఇక టీ. కెఫీన్ రోజుకు 200 మిల్లీగ్రాములు దాటి రెండు వారాలకు పైగా అలవాటైతే, మానేసిన 24 గంటల్లోపే తలనొప్పి పట్టుకోవచ్చు. 200 మిల్లీగ్రాములంటే సుమారు నాలుగైదు కప్పుల చిక్కటి టీ. నైట్ డ్యూటీలో గంటకో టీ తాగే రైల్వే ఉద్యోగికి ఆ లెక్క దాటడం ఎంతసేపు? సెలవునాడు బారెడు పొద్దెక్కాక తలనొప్పితో లేస్తే, రాత్రి తిన్న పకోడీని తిట్టుకునే ముందు పొద్దున పడాల్సిన టీ పడిందో లేదో చూసుకోండి. ఆ నొప్పే అయితే కప్పు కాఫీతో గంటలో దిగిపోతుంది.