స్టెంటు ఎండకు ఉబ్బుతుందా?

నిటినాల్ తీగ గురించి యూట్యూబ్‌లో ఒక వీడియో తరచూ కనిపిస్తుంది. ఉండలా నలిపేసిన తీగను వేణ్నీళ్లలో వేయగానే చటుక్కున సాగి పాత ఆకారానికి వచ్చేస్తుంది. స్టెంట్లు, గుండె కవాటాల చట్రాలు చేసేది దీంతోనే అని చివర్లో చెబుతారు. ఇక చూసినవాళ్ల ఊహలకు పట్టపగ్గాలుండవు. అంటే ఒంట్లో పెట్టాక కాలుస్తారా? జ్వరమొస్తే? రోహిణి కార్తెలో?

అపోహ: ఈ లోహంతో చేసిన దేన్నైనా ఒంట్లో పెట్టాక వేడి చేయాల్సిందే.

చాలావాటికి ఆ అవసరమే రాదు. ఈ నికెల్-టైటానియం మిశ్రమ లోహాన్ని 1959లో అమెరికా నౌకాదళ ఆయుధ ప్రయోగశాలలో విలియం బ్యూలర్ తయారుచేశారు. 1961లో ఒక సమావేశంలో డేవిడ్ మజ్జీ అనే అధికారి మడతలు పెట్టిన ముక్కకు తన పైపు లైటర్ మంట చూపించగా అది మడతలు విప్పుకుని తిన్నగా సాగిపోయింది. జనానికి గుర్తుండిపోయింది ఆ లైటరే. అసలు విశేషం వేరు. రెండు లోహాల పాళ్లు, తయారీలో కాల్చే పద్ధతి కాస్త మార్చితే చాలు, ఏ ఉష్ణోగ్రత దగ్గర ఆకారం తిరిగి రావాలో మనమే నిర్ణయించుకోవచ్చు. కాలి, మెడ రక్తనాళాల్లో వేసే స్టెంట్లకు దాన్ని 37 డిగ్రీల కిందే ఉంచుతారు. అంటే ఒంటి వేడే ఎక్కువ.

కాథెటర్‌తో గుండె కవాటం మార్చే చోట ఇది కంటికి కనిపిస్తుంది. క్యాథ్ ల్యాబ్‌లో ఒక గిన్నెలో ఐసులా చల్లబరిచిన సెలైన్ ఉంటుంది. నిటినాల్ చట్రమున్న కవాటాన్ని అందులో ముంచగానే అంతవరకూ స్ప్రింగులా ఎదురుతిరిగిన లోహం మెత్తబడుతుంది. దాన్ని నలిపి, పెన్సిల్ కన్నా సన్నటి గొట్టంలోకి ఎక్కిస్తారు. తొడ దగ్గరి ధమని గుండా గుండె దాకా చేర్చి, పైతొడుగును నెమ్మదిగా వెనక్కి లాగుతుంటే చట్రం కొద్దికొద్దిగా విచ్చుకుంటుంది. ఇందులో శక్తి ఖర్చంతా చల్లబరచడానికే. (గుండె సొంత ధమనుల్లో వేసే స్టెంట్లలో అత్యధికం నిటినాల్‌వి కావు. అవి కోబాల్ట్-క్రోమియం వంటి లోహాలతో చేసి, బెలూన్ ఊది విప్పేవి.)

అపోహ: జ్వరానికీ వడగాడ్పులకూ స్టెంటు ఇంకా విచ్చుకుని రక్తనాళాన్ని చీల్చేస్తుంది.

బయట 45 డిగ్రీలున్నా ఒంటి లోపల 37 చుట్టుపక్కలే. జ్వరం 40 దాటినా స్టెంటుకు పట్టదు, అది మారాల్సిన గీతను ఎప్పుడో దాటేసి ఉంది. వడదెబ్బతో ప్రమాదం మనిషికి, స్టెంటుకు కాదు.

అపోహ: వేడి చేయాలంటే కరెంటో, బ్యాటరీయో ఉండి తీరాలి.

మెమోకాథ్ అనే మూత్రమార్గపు స్టెంటుకు వేడి నీళ్లు చాలు. సరైన చోట నిలిపాక సుమారు 55 డిగ్రీల నీటిని పంపితే చివర విచ్చుకుని పట్టుకుంటుంది. తీసేయాలంటే 10 డిగ్రీల లోపు చల్లటి నీరు పంపుతారు, మెత్తబడి బయటికి వచ్చేస్తుంది. ఇంత మొరటు ఉపాయం ఇంత చక్కగా పనిచేయడం చూస్తే నాకైతే ముచ్చటేస్తుంది.

అపోహ: లోహాన్ని వేడి చేయడానికి బోలెడు శక్తి కావాలి.

అసలు లెక్క ఇక్కడే ఉంది. అమర్చిన నెలల తర్వాత కూడా, మళ్లీ కోత లేకుండా, రక్తం పారే ఒక రంధ్రాన్ని పెద్దదో చిన్నదో చేయగల పరికరాలు కావాలనుకోండి. వాటి తీగ జ్వరానికి కదలకూడదు, కాబట్టి మారే ఉష్ణోగ్రత 37కి బాగా పైన ఉండాలి. మరోపక్క 43 డిగ్రీల వేడి గంటసేపు తగిలితే కణజాలం దెబ్బతినే ప్రమాదముంది. ఆపైన ఒక్కో డిగ్రీ పెరిగేకొద్దీ ఒళ్లు ఓర్చుకునే సమయం సగానికి సగం తగ్గుతుంది.

సెంటీమీటరు పొడవు, పావు మిల్లీమీటరు మందం ఉన్న నిటినాల్ తీగ బరువు 3 మిల్లీగ్రాములకు కాస్త ఎక్కువ. దాన్ని 15 డిగ్రీలు వేడెక్కించి, లోపలి స్ఫటికాల అమరిక మార్చడానికి జూల్‌లో పదో వంతు కూడా పట్టదు. అందులోనూ సగానికి పైగా పోయేది ఉష్ణోగ్రత పెంచడానికి కాదు, అమరిక మార్చడానికి. కొంచెమే కదా అనిపిస్తుంది. కానీ పేస్‌మేకర్ గుండెకు ఇచ్చే ఒక్క స్పందన ఖర్చు సుమారు 5 మైక్రోజూళ్లు. ఆ లెక్కన తీగ ఒక్కసారి ఆకారం మారే శక్తితో నాలుగైదు గంటల స్పందనలు నడుస్తాయి. ఇదంతా తీగ చుట్టూ రక్తం లేనప్పటి మాట.

రక్తం ప్రవహిస్తూ వేడిని ఎప్పటికప్పుడు లాక్కుపోతుంది. చిల్లుకుండలో నీళ్లు పోయడం లాంటిది ఇది. చెంబుతో నెమ్మదిగా పోస్తే ఎప్పటికీ నిండదు, బిందెతో ఒక్కసారి కుమ్మరిస్తే నిండుతుంది. అందుకే పొదుపంటే తక్కువ కరెంటును ఎక్కువసేపు పంపడం కాదు, గట్టి కరెంటును సెకనులో చిన్న భాగం సేపు పంపి ఆపేయడం. తీగకు పాలిమర్ పూత వేస్తే వేడి లోపలే నిలుస్తుంది, రక్తానికీ సెగ తగలదు. ఒకటి తెరవడానికి, ఒకటి మూయడానికి ఎదురెదురుగా రెండు భాగాలు అమర్చితే, మారిన ఆకారాన్ని పట్టి ఉంచడానికి శక్తి అక్కర్లేదు. మరో చిక్కు, అంత చిన్న తీగ విద్యుత్ నిరోధం ఓమ్‌లో అయిదో వంతు కూడా ఉండదు. జాగ్రత్తపడకపోతే కరెంటు తెచ్చే తీగలూ అతుకులే ముందు వేడెక్కుతాయి. వేడెక్కాల్సిన భాగాన్ని సన్నగా, మెలికలుగా కోసేది అందుకే.

అపోహ: కరెంటు తీగలు లేకుండా బయటినుంచి అయస్కాంత క్షేత్రంతో వేడి చేస్తే మనిషి కూడా ఉడికిపోతాడు.

ఇది పూర్తిగా అపోహ కాదు. ఒంటి గుండా కూడా కరెంటు పారగలదు కాబట్టి, మారుతున్న క్షేత్రం కణజాలాన్నీ కొంత వేడెక్కిస్తుంది. క్షేత్రం బలానికీ, అది మారే వేగానికీ హద్దు ఉండాల్సిందే. కాలిఫోర్నియాలోని లారెన్స్ లివర్‌మోర్ ప్రయోగశాల పరిశోధకులు 2006లో ఇందులో మరో దారి చూపారు. ఆకారం గుర్తుంచుకునే పాలిమర్‌లో నికెల్-జింక్ ఫెర్రైట్ రేణువులు కలిపారు. ఈ రేణువులకు క్యూరీ ఉష్ణోగ్రత అని ఒకటుంటుంది. అది రాగానే అయస్కాంత గుణం పోయి, వేడెక్కడం దానంతటదే ఆగిపోతుంది. రేణువే థర్మోస్టాట్, సెన్సర్ అవసరం లేదు.

పాలిమర్లలో అసలు వేడి చేయక్కర్లేనివీ వచ్చాయి. రక్తనాళాల్లో ఉబ్బులను మూయడానికి వాడే కొన్ని పాలియూరెథేన్ నురుగులు తడి తగలగానే మెత్తబడతాయి. ఒంటి వేడికే అవి విచ్చుకుంటాయి.

అపోహ: నిటినాల్ ఒంట్లో ఉంటే ఎంఆర్ఐ యంత్రం లాగేస్తుంది.

నిటినాల్ ఇనుములా అయస్కాంతానికి అతుక్కోదు. కానీ స్కానింగులో వాడే రేడియో తరంగాలు పొడవాటి లోహ భాగాలను వేడెక్కించవచ్చు. పైగా ఒకే పరికరంలో వేరే లోహాలూ ఉండొచ్చు. ఆసుపత్రిలో డిశ్చార్జి కాగితాలతో ఇచ్చే ఇంప్లాంట్ కార్డు మీద ఎంఆర్ఐ షరతులు రాసి ఉంటాయి. యంత్రం అయస్కాంత బలం 1.5 టెస్లానా, 3 టెస్లానా అన్న వివరం అక్కడే చూస్తారు. ఆ కార్డును పర్సులో పెట్టుకోండి, బీరువాలో కాదు.