పాత మేటి యాటగాని వెల యెంత?

"ఏనుగు బ్రతికినను వెయ్యే, చచ్చినను వెయ్యే" యని మన పెద్దలు చెప్పుదురు. పేరుగాంచిన యాటగాని విషయమున ఈ సామెత నిజమగునా? అమెరికా దేశమున బేస్‌బాలు ననుకరించుచు బల్లమీద నాడెడి యాట యొకటి కలదు. అది ఈ ప్రశ్నకు చక్కని సమాధానము నిచ్చుచున్నది. మన విద్యార్థులలో క్రికెట్టు నెరుగనివారు లేరు గాని, ఈ యాట నెరిగినవారు మిక్కిలి తక్కువ. కావున మొదట దాని విధానమును వివరించి, పిమ్మట వయస్సు మీరుచున్న మేటి యాటగాండ్రను మార్చుకొనువారు ఏమేమి యాలోచింపవలయునో తెలుపుదుము.

బేస్‌బాలులో కూడ క్రికెట్టునందు వలెనే ఒకడు బంతిని విసరును, ఒకడు బ్యాటుతో కొట్టును. బంతి నేలకు తగులకుండ మైదానపు ఆవలి గోడను దాటిపోయినచో దానిని హోమ్ రన్ అందురు. ప్రతి యాటగాడును ఎన్నిమారులు కొట్టెనో, ఎన్నిమారులు తప్పెనో ఆ లెక్కలన్నియు ఏటేట పుస్తకముల కెక్కుచుండును. హాల్ రిచ్‌మన్ అనునతడు బాల్యముననే ఈ లెక్కల నాధారముగా గొని ఒక యాటను కల్పించి, దానిని మెరుగుపరచి, 1961 లో 'స్ట్రాట్-ఓ-మాటిక్' అను పేర విక్రయమునకు దెచ్చెను.

ఇందు ప్రతి యాటగానికిని ఒక కార్డుండును. మూడు పాచికలు వేయుదురు. వానిలో ఒకటి వేరు రంగుది. దానిపై 1, 2, 3 పడినచో బ్యాటు పట్టినవాని కార్డును, 4, 5, 6 పడినచో బంతి విసరువాని కార్డును చూడవలెను. తక్కిన రెండు పాచికల మొత్తమే ఫలితమును తెలుపును. గణితము చదువు బాలురు దీనిలోని మర్మమును వెంటనే గ్రహింపగలరు. రెండు పాచికలు 36 విధముల పడును. వానిలో మొత్తము 7 వచ్చునవి 6, మొత్తము 2 వచ్చునది ఒక్కటే. కావున హోమ్ రన్‌ను 7 చెంత వ్రాసిన కార్డు, 2 చెంత వ్రాసిన కార్డుకంటె ఆ వరుసలో ఆరు రెట్లు బలము గలది. ఇట్లు వందలకొలది మారులు వేసినపుడు, ఆ యాటగాడు క్రిందటి యేట నిజముగా నాడిన యాటయే ఇంచుమించుగా బల్లమీద మరల కనబడును. పాచికలనగానే తలిదండ్రులకు ధర్మరాజు జూదము తలపునకు వచ్చునేమో! ఇందు పందెముతో పనిలేదు. కావలసినది లెక్క, ఓర్పు.

మిత్రులు కొందరు చేరి తలకొక జట్టు నేర్పరచుకొని యేండ్లతరబడి లీగుగా నాడుదురు. చాల లీగులలో ఒకరి యాటగాని నొకరికిచ్చి మార్చుకొనుటయు కలదు. ఇచ్చటనే చిక్కు పుట్టును. 2024 నాటి యాటను బట్టి ముద్రించిన కార్డులతో లీగువారు 2025 లో నాడుదురు. బల్లమీద కార్డు నిరుటి బలముతో హోమ్ రన్‌లు కొట్టుచుండగా, ఆ కార్డునకు మూలమైన మనిషి అదే వేసవిలో నిజమైన మైదానమున మోకాలినొప్పితో తడబడుచుండవచ్చును. మరుసటి కార్డు ఆ తడబాటునే చూపును. అతడు ఆట మానుకొనినచో ఆపై క్రొత్త కార్డే యుండదు.

కాబట్టి మేటి యాటగానికి రెండు వెలలు కలవు: ఈ యేటి కార్డు వెల యొకటి, రాబోవు కార్డుల వెల యొకటి. పడుచువానియందు రెండవది హెచ్చు; వయస్సు మీరినవానియందు మొదటిదే హెచ్చు. ఈ రెంటిని కలగలుపుకొన్నవాడు పరులచేత గాక తనచేతనే మోసపోవును.

మరి యెవరు కొనవలెను, ఎవరు అమ్మవలెను? ఇది ఆటగానిని బట్టి మాత్రమే కాక, జట్టును బట్టియు తేలవలెను. ఈ యేడే గెలుపు నందుకొనగల జట్టు ముదురు మేటిని కొనుట వివేకమే. దానికి కావలసినది ఈ యేటి బలము. అట్టడుగున నున్న జట్టు వానిని దాచుకొనుట వ్యర్థము. ఆ జట్టు పైకి వచ్చునాటికి ఆ కార్డు బలము తగ్గియుండును. అట్టివారు పడుచువారిని పుచ్చుకొని వానిని ఇచ్చుట మేలు. ఇట్టి మార్పిడిలో ఇరువురును లాభపడుదురు.

ఇందుకు నిజమైన బేస్‌బాలులోనే తార్కాణము కలదు. 1987 ఆగస్టులో డెట్రాయిట్ జట్టు గెలుపునకు చేరువలో నుండి, 36 ఏండ్ల డాయల్ అలెగ్జాండర్‌ను అట్లాంటా జట్టునుండి తెచ్చుకొని, బదులుగా 20 ఏండ్ల జాన్ స్మోల్ట్జ్‌ను ఇచ్చెను. అలెగ్జాండర్ ఆ యేడు డెట్రాయిట్ పక్షమున తొమ్మిది యాటలు గెలిచి ఒక్కటియు నోడలేదు. జట్టు తన విభాగమున ప్రథమస్థానము నందెను. కాని అతడు 1989 తో ఆట ముగించెను. స్మోల్ట్జ్ 2009 వరకు ఆడి, మొత్తము 213 గెలుపులు గడించి, 2015 లో బేస్‌బాలు కీర్తిమందిరమున స్థానము పొందెను. డెట్రాయిట్ కోరినది డెట్రాయిట్‌కు దొరకెను. దానికి చెల్లించిన వెల మాత్రము ఇరువది యేండ్లపాటు కనబడుచుండెను.

అట్లని వయస్సు వినగానే తొందరపడరాదు. 1965 డిసెంబరులో సిన్సినాటి జట్టు ఫ్రాంక్ రాబిన్సన్‌ను బాల్టిమోరునకు ఇచ్చి, బదులుగా మువ్వురిని పుచ్చుకొనెను. అతనికి అప్పటికి 30 ఏండ్లు. వయస్సు మీరుచున్నదని జట్టు పెద్దలు తలచిరి. కాని ఆ యేటనే అతడు 33 హోమ్ రన్‌లు కొట్టియుండెను. మరుసటి యేడు, అనగా 1966 లో, 49 కొట్టి, తన లీగున మూడు ముఖ్యమైన లెక్కలలోను ప్రథముడై, బాల్టిమోరునకు ప్రపంచ విజేతల గౌరవమును తెచ్చెను. 1976 వరకు ఆడెను. 1975 లో క్లీవ్‌లాండు జట్టుకు మేనేజరై, ఆ గొప్ప లీగులలో అట్టి పదవి నందిన మొదటి నల్లజాతీయుడయ్యెను. సిన్సినాటివారు ఏండ్లను లెక్కించిరి గాని ఆటను లెక్కింపరైరి.

సంతలో ఎద్దును కొను రైతు పండ్లు చూచి వయస్సు తెలిసికొనును; అంతతో నిలువక నడిపించియు చూచును. బల్లమీది జట్టు యజమానియు నట్లే చేయవలెను. బ్యాటు పట్టువారు సామాన్యముగా 27 ఏండ్ల ప్రాంతమున మిక్కిలి రాణింతురని లెక్కలు చూచినవారు చెప్పుదురు. కాని అది అందరి సరాసరియే గాని ఒక్కని జాతకము కాదు. ఒక్క యేటి కార్డు గాక మూడు నాలుగేండ్ల లెక్కలు ప్రక్కప్రక్కన పెట్టి చూడవలెను. తగ్గుదల యేటేట వచ్చుచున్నదా, లేక ఒక గాయమువలన వచ్చి పోయినదా యని విచారింపవలెను. ఎదుటివాని కొరత యేదో తెలిసికొనవలెను. అన్నిటికంటె ముఖ్యముగా, తన జట్టు ఎచ్చట నున్నదో తన మనస్సునకు తాను నిజము చెప్పుకొనవలెను. చిన్ననాటినుండి మెచ్చుకొన్న పేరును వదలుకొనుట కష్టమే. ఆ కష్టమునకు జడిసి పలువురు ఒక యేడు ఆలస్యము చేయుదురు.

చదువరులారా! ఈ యాటలో ఏనుగునకు ఎల్లప్పుడును వెయ్యి యనునది లేదు. నేడు కొనువాని యక్కర యెంతయో, రేపటి యాశ యెంతయో, అంతయే వెల. అయితే ఆ వెల కార్డునకే గాని మనిషికి కాదు. ముదిసెనని ఒక జట్టు వదలుకొన్న రాబిన్సన్ ఆపై పదునొకం డేండ్లు ఆడెనను సంగతిని, ఎవరినైనను పనికిరాని వారని తేల్చుటకు ముందు మనము తలచుకొందము గాక.