16 నుంచి 24 అంగుళాల మధ్య

టెక్సాస్‌లోని లేక్ ఫోర్క్ జలాశయంలో నా గాలానికి పడిన మొదటి మంచి బాస్ చేప పొడవు 17 అంగుళాలు. మార్చి నెల, పొద్దున ఎనిమిది దాటింది. చేప నోరు మూసి, కొలబద్ద మీద పడుకోబెట్టి, తోక కొసలు రెండూ దగ్గరికి అదిమి కొలిచాం. డల్లాస్ పక్కన ఇర్వింగ్‌లో ఎనిమిదేళ్లుగా ఉంటున్న మా బామ్మర్ది ఆ అంకె చూస్తూనే "ఇడిసిపెట్టు బావా, ఇది మనకు గాదు" అన్నాడు. కిలోంబావు ఉంటుంది. కరీంనగర్ వైపు మా ఊరి చెరువులో అంత కొర్రమీను పడితే వాడకట్టంతా చూడటానికి వచ్చేది. నీళ్లలోకి దించి చెయ్యి సడలించాను. తోక ఒక్కసారి విదిలించి, మునిగిన చెట్ల మధ్యకు వెళ్లిపోయింది.

ఆ జలాశయంలో నియమం ఇది: 16 అంగుళాలు, అంతకు లోపు ఉన్న బాస్‌ను ఇంటికి తెచ్చుకోవచ్చు. 24 అంగుళాలు, ఆ పైన ఉన్నదాన్ని రోజుకు ఒక్కటి తెచ్చుకోవచ్చు. ఈ రెండింటి మధ్య ఏది పడినా అక్కడికక్కడే వదలాలి. మొత్తం కలిపి మనిషికి రోజుకు 5. టెక్సాస్‌లో మిగతా చాలా చోట్ల నియమం దీనికి తలకిందులు. అక్కడ 14 అంగుళాలకు తక్కువున్న పిల్ల చేపలను వదిలి, పెద్దవాటిని ఉంచుకుంటారు. ఇక్కడ మాత్రం మధ్యవాటిని కాపాడుతున్నారు. ఎందుకని అడిగితే జవాబు ఒక చిన్న గుణకారంలో ఉంది.

చేప పొడవు పెరిగితే వెడల్పు, మందం కూడా ఇంచుమించు అదే లెక్కన పెరుగుతాయి. అంటే బరువు పొడవును బట్టి కాదు, పొడవు ఘనాన్ని బట్టి పెరుగుతుంది. 12 అంగుళాల బాస్ దాదాపు ఒక పౌండు, అంటే 450 గ్రాములు. దానికి రెట్టింపు పొడవున్న 24 అంగుళాల చేప రెండు పౌండ్లుండదు. రెండు రెళ్ల నాలుగు, నాలుగు రెళ్ల ఎనిమిది. ఎనిమిది పౌండ్లు, కొంచెం ఎక్కువే తూగుతుంది. ఇదే లెక్క 16 నుంచి 24కు కట్టండి. పొడవు ఒకటిన్నర రెట్లయితే బరువు 3.375 రెట్లు. కిలో పైచిలుకు చేప మూడున్నర కిలోలు దాటేది సరిగ్గా ఈ ఎనిమిది అంగుళాల ప్రయాణంలోనే. ఆ ప్రయాణానికి ఏళ్లు పడుతుంది. దారిలో ఎవరి పులుసు కుండలోనో పడితే పెద్ద చేప అనేదే ఉండదు. ఇంకో సంగతి, బాస్‌లో బాగా పెరిగేవన్నీ ఆడవే. మగవి మధ్య సైజు దగ్గరే ఆగిపోతాయి. పెద్ద తల్లి గుడ్లు కూడా చిన్నదానికంటే ఎన్నో రెట్లు పెడుతుంది.

లేక్ ఫోర్క్ డల్లాస్‌కు తూర్పున, కారులో గంటన్నర దూరం. విస్తీర్ణం దాదాపు 27,000 ఎకరాలు. 1980లో ఆనకట్ట మూశాక అడవిని చాలావరకు నరకకుండానే నీళ్లు నింపారు. ఆ మోళ్లు ఇప్పటికీ నీటి పైకి నిలబడి కనిపిస్తాయి. ఉత్తరాది బాస్‌కంటే పెద్దగా పెరిగే ఫ్లోరిడా రకం పిల్లలను మొదటి నుంచీ ఇందులో వదిలారు. ఆరేళ్లు తిరిగాయో లేదో ఫలితం కనిపించింది. 1986 నవంబరులో మార్క్ స్టీవెన్సన్ అనే గైడ్‌కు 17.67 పౌండ్ల చేప పడింది. ఎనిమిది కిలోలు! అప్పటికి టెక్సాస్ రికార్డు అదే. ఆయన దాన్ని చంపలేదు. పెద్ద బాస్‌లను బతికుండగా తీసుకుని గుడ్లు పెట్టించే పథకం రాష్ట్ర పార్కులు, వన్యప్రాణుల శాఖ అప్పుడే మొదలుపెట్టింది. దానికి అందిన మొట్టమొదటి చేప ఇదే. 'ఎథెల్' అని పేరు పెట్టారు. తర్వాత మిజోరిలోని ఒక పెద్ద దుకాణంలో గాజు తొట్టిలో జనం చూస్తుండగా 1994 దాకా బతికింది.

ఆ పథకం పేరు షేర్‌లంకర్. ఇవాళ్టికీ నడుస్తోంది. జనవరి నుంచి మార్చి ఆఖరు దాకా 13 పౌండ్లు, ఆ పైన తూగే చేప ఎవరికి పడినా ఫోన్ చేస్తే శాఖవాళ్లు వచ్చి తీసుకెళతారు. ఏథెన్స్ అనే ఊళ్లోని కేంద్రంలో గుడ్లు పెట్టించి, తల్లిని మళ్లీ దాని నీళ్లలోనే వదులుతారు. ఒక్క లేక్ ఫోర్క్ నుంచే ఇలాంటివి 250కి పైగా వెళ్లాయి. ఎథెల్ రికార్డును దాటిన చేప కూడా ఇక్కడిదే. 1992 జనవరిలో బ్యారీ సెయింట్ క్లెయిర్‌కు దొరికింది, 18.18 పౌండ్లు. ఆయన ఆ రోజు బాస్ కోసం వెళ్లలేదు. క్రాపీ అనే చిన్న చేపకు, 40 అడుగులకు మించిన లోతులో చిన్న కొక్కెంతో ఎర వేసుకుని కూర్చున్నారు. అది జనవరి కాబట్టే చేప ఆ లోతులో ఉంది, ఎందుకో తర్వాత చెబుతాను.

ప్రపంచ రికార్డు కథ ఇంకా విచిత్రం. 1932 జూన్ 2న జార్జియా రాష్ట్రంలోని మాంట్‌గొమరీ లేక్‌లో జార్జ్ పెర్రీ అనే రైతు కుర్రాడికి 22 పౌండ్ల 4 ఔన్సుల బాస్ పడింది, అంటే పది కిలోల పైమాట. హెలీనా అనే ఊళ్లో పోస్టాఫీసు త్రాసు మీద తూచారు. ఒక పత్రిక పోటీకి వివరాలు పంపి, చేపను ఇంట్లో వండుకు తిన్నారు. ఆర్థిక మాంద్యం రోజులు, అంత చేప ఇంటికొస్తే ఎవరైనా చేసే పని అదే. సరిగ్గా 77 ఏళ్ల ఒక నెల తర్వాత, 2009 జులై 2న, జపాన్‌లోని బివా సరస్సులో మనాబు కురితాకు 22 పౌండ్ల 4.97 ఔన్సుల చేప పడింది. 0.97 ఔన్సు, అంటే 27 గ్రాములు ఎక్కువ. అయినా పెర్రీ రికార్డు చెరిగిపోలేదు. 25 పౌండ్ల లోపు చేపకు పాత రికార్డును కనీసం 2 ఔన్సులు దాటితేనే కొత్తది అన్నది ఈ రికార్డులు నమోదు చేసే అంతర్జాతీయ సంఘం నియమం. అబద్ధం చెబుతున్నాడేమో చూసే యంత్ర పరీక్షకు కూడా కురితాను కూర్చోబెట్టి, నిజమని తేలాకే ఇద్దరినీ సమానంగా ప్రకటించారు.

జపాన్‌లో ఆ చేప స్థానికం కాదు. 1925లో అమెరికా నుంచి తెచ్చి అక్కడి ఒక సరస్సులో వదిలారు. అది దేశమంతా పాకి సొంత చేపలను తినేస్తోందని 2005లో ప్రత్యేక చట్టం కింద పెట్టారు. బివా సరస్సులోనైతే పట్టిన బాస్‌ను తిరిగి వదలడమే నిషిద్ధం. టెక్సాస్‌లో వదలకపోతే తప్పు, బివాలో వదిలితే తప్పు. రెండూ సరైన చట్టాలేనని నా నమ్మకం. నీళ్లు ఎవరివో, చేప ఎక్కడిదో చూసి చట్టం రాయాలి. మన చెరువులకు కొత్త జాతులు తెచ్చి వదులుదామనే ఉత్సాహవంతులు ఈ ముక్క గుర్తుంచుకుంటే బాగుంటుంది. తెలంగాణ రాష్ట్ర చేపగా పేరున్న కొర్రమీను వేటలో బాస్‌కు ఏమీ తీసిపోదు. ఇదీ అలాగే నాచు చాటున పొంచి ఉండి ఒక్క ఉదుటున అందుకుంటుంది, అలాగే తన పిల్లలకు కాపలా కాస్తుంది.

ఇక సామాను. దుకాణంలోకి వెళితే ప్రతి డబ్బా మీదా అంకెలే. రీల్ మీద 7:1 అని ఉంటే, పిడి ఒక్కసారి తిప్పితే లోపలి చక్రం ఏడుసార్లు తిరుగుతుందని అర్థం. చక్రం మీద దారం చుట్టుకున్న అడ్డుకొలత 3 సెంటీమీటర్లనుకుందాం. చుట్టుకొలత 9.4. ఏడు రెట్లంటే ఒక్క తిప్పుకు 66 సెంటీమీటర్ల దారం వెనక్కి వస్తుంది. అదే 5:1 రీలైతే 47. సైకిల్ గేరు లాగే, వేగం తగ్గితే బలం పెరుగుతుంది. లోతుకు మునిగి నీటిని తోసుకుంటూ వచ్చే బరువైన ఎరకు 5 మంచిది. ప్లాస్టిక్ వానపాముకు 7 కావాలి, ఎందుకంటే చేప అందుకోగానే సడలిన దారాన్ని గబుక్కున లాక్కోవాలి.

దారం మీద కూడా మూడు అంకెలు చూసుకోవాలి. నీటి వక్రీభవన గుణకం 1.33, ఫ్లోరోకార్బన్ దారానిది 1.42, నైలాన్‌ది 1.5 పైన. గుణకం నీటికి ఎంత దగ్గరైతే దారం నీళ్లలో అంత కనిపించదు. ఫ్లోరోకార్బన్ సాంద్రత నీటికి ఒకటిన్నర రెట్లకు పైనే కాబట్టి మునుగుతుంది. అల్లిన పాలిథిలిన్ దారం సాంద్రత 0.97, అది తేలుతుంది. అందుకే నాచు మీద రబ్బరు కప్పను గెంతించేవాళ్లు అల్లిన దారమే వాడతారు. మన దగ్గర కొర్రమీనుకు కప్ప ఎర వేసే కుర్రాళ్లు వాడేదీ అదే. కొక్కేల అంకెలు మాత్రం కొత్తవాళ్లను తికమక పెడతాయి. 2, 4, 6 అంటూ పెరిగేకొద్దీ కొక్కెం చిన్నదవుతుంది. 1/0, 2/0, 3/0 అని గీత పక్కన సున్నా ఉంటే పెరిగేకొద్దీ పెద్దదవుతుంది. ఆరంగుళాల ప్లాస్టిక్ వానపాముకు 3/0, అంతకంటే పొడవుకు 4/0 సరిపోతుంది.

ఆ ప్లాస్టిక్ వానపామును 1949లో ఒహాయోలోని అక్రన్‌లో నిక్ క్రీమ్ అనే ఆయన తయారుచేశారు. తర్వాత ఆ వ్యాపారం టెక్సాస్‌లోని టైలర్‌కు మారింది. లేక్ ఫోర్క్‌కు అదేమంత దూరం కాదు. మోళ్లు నిండిన జలాశయాల్లో మామూలుగా గుచ్చిన కొక్కెం ప్రతి కొమ్మకూ తగులుకుంటుంది. అందుకని తూటా ఆకారపు చిన్న గుండును దారానికి ఎక్కించి, కొక్కెం మొనను వానపాము ఒంట్లోనే దాచేస్తారు. కొమ్మకు మొన తగలదు, చేప కొరికినప్పుడు మాత్రం ప్లాస్టిక్‌ను చీల్చుకుని బయటికి వస్తుంది. దీన్నే టెక్సాస్ రిగ్ అంటారు. గుండు పావు ఔన్సు, 7 గ్రాములు. ఇన్ని సామాన్లలో ఒక్కటే కొనగలిగితే నేను దీన్నే కొంటాను. నా 17 అంగుళాల చేప పడిందీ దీనికే.

అయితే ఏ డబ్బా మీదా లేని అంకె ఒకటుంది. అన్నింటికంటే అదే ముఖ్యం: నీటి వేడి. చేప ఒంటి వేడి నీటి వేడిని బట్టి ఉంటుంది. 10 డిగ్రీల సెల్సియస్ కంటే తగ్గితే అరుగుదల మందగించి, ఎర ముక్కు ముందు నుంచి పోతున్నా కదలబుద్ధి కాదు. అప్పుడు ఎరను దాదాపు నిలబెట్టినట్టు నెమ్మదిగా లాగాలి. 16, 17 డిగ్రీలకు రాగానే మగ చేప ఒడ్డు దగ్గర తోకతో మట్టి ఊడ్చి గూడు కడుతుంది, ఆడది వచ్చి గుడ్లు పెట్టి పోతుంది, మగది కాపలా ఉంటుంది. మేం వెళ్లిన రోజు పడవ తెర మీద 62 ఫారెన్‌హీట్ చూపించింది. అంటే 17కు దగ్గర. అందుకే చేపలన్నీ ఐదారడుగుల నీళ్లలో ఉన్నాయి.

ఎండాకాలం లెక్క మారుతుంది. 10 డిగ్రీల దగ్గర లీటరు నీళ్లలో 11.3 మిల్లీగ్రాముల ప్రాణవాయువు కరిగి ఉండగలదు. 30 దగ్గర 7.6 మాత్రమే. పైగా వేడినీళ్లు పైన, చల్లనివి కింద పొరలుగా విడిపోతాయి. కింది పొరకు గాలి అందదు, ఉన్న ప్రాణవాయువు క్రమంగా ఖర్చయిపోతుంది. జులైలో 40 అడుగుల అడుగున ఎర వేస్తే దాన్ని తినడానికి అక్కడ చేపే ఉండదు. చలికాలంలో పొరలు కలిసిపోయి అడుగుదాకా గాలి అందుతుంది. సెయింట్ క్లెయిర్ చేప జనవరిలో అంత లోతున ఉండగలగడానికి కారణం ఇదే.

బాస్ వేట పోటీల్లో చేపలు చనిపోయేదీ ఈ లెక్క వల్లే. రే స్కాట్ అనే ఆయన 1967లో ఆర్కన్సాలోని బీవర్ లేక్‌లో మొదటి పెద్ద పోటీ పెట్టినప్పుడు 106 మంది తలా 100 డాలర్లు కట్టి వచ్చారు. అప్పట్లో తూచిన చేపలు చచ్చినవే. 1972 నుంచి ఆయన బతికించి వదలడాన్ని పద్ధతిగా మార్చారు. ఇప్పుడు ఆయన మొదలుపెట్టిన సంస్థ పోటీల్లో చచ్చిన చేపకు 4 ఔన్సులు కోత. 2008లో ఫాల్కన్ లేక్ పోటీలో పాల్ ఎలియాస్ నాలుగు రోజులకు 20 చేపలు, 132 పౌండ్ల 8 ఔన్సులు తూచారు. సగటున చేపకు మూడు కిలోలు. అంత బరువు చేపను వేసవిలో పడవ తొట్టిలో గంటల తరబడి ఉంచితే, ఆ 7.6 మిల్లీగ్రాములను ఐదు చేపలు పంచుకోవాలి. మంచు ముక్కలు వేసి నీళ్లు చల్లబరిచి, గాలి పంపు ఆపకుండా నడిపితేనే బతుకుతాయి. ఈ విషయంలో నిర్లక్ష్యాన్ని నేను క్షమించలేను. నీళ్లలోకి వదిలిన చేప కళ్లముందు ఈదుకుంటూ పోయినా, రెండు రోజులకు ఎక్కడో తేలవచ్చు.

టెక్సాస్‌లో కొత్తగా దిగిన మనవాళ్లకు ఒక మాట. 17 ఏళ్లు నిండితే లైసెన్సు కావాలి. ఆరు నెలలు వరసగా అక్కడ ఉంటే నివాసి కింద లెక్క, రుసుము తక్కువ. స్టేట్ పార్కుల లోపల ఒడ్డు మీది నుంచి పట్టుకుంటే లైసెన్సే అక్కర్లేదు. పిల్లలతో మొదలుపెట్టడానికి అదే మేలు.

ఆ రోజు సాయంత్రానికి మా ఇద్దరికీ కలిపి పద్నాలుగు పడ్డాయి. 17, 18, 20 అంగుళాలవి తొమ్మిది దాకా నీళ్లలోకే వెళ్లాయి. చిన్నవాటిలో రెండింటిని కూడా వదిలి, 13, 14, 15 అంగుళాలవి మూడు ఉంచుకున్నాం. నిజానికి చిన్నవి తీసుకెళ్లమనే అక్కడి శాస్త్రవేత్తలు అడుగుతారు, మిగిలినవాటికి మేత పెరుగుతుందని. ఇంటికొచ్చి శుభ్రం చేస్తుంటే మా చెల్లె మెంతులు వేయించి చింతపండు నానేసింది. బాస్ కండ తెల్లగా, గట్టిగా ఉంటుంది. బొచ్చెలో లాగా సన్న ముళ్లు అడ్డం రావు. "కొర్రమీను తీర్గనే ఉన్నది గదా" అన్నాడు బామ్మర్ది రెండో ముద్దకు. ఆ మూడు చేపలూ కలిపి రెండు కిలోలకు కొంచెం అటూ ఇటూ ఉంటాయి. ఆరుగురికి సరిపోయింది.