మోటారు నాడి పట్టే ముందు

బోరు బావిలో దించిన సబ్‌మెర్సిబుల్ మోటారు నేలకు వందల అడుగుల లోతున ఉంటుంది. దాని మీద చెయ్యి వేసి అదురు చూడలేం, చెవి ఆనించి చప్పుడు వినలేం. కాని దానికి కరెంటు తీసుకుపోయే కేబుల్ పైన స్టార్టరు డబ్బాలోనే ఉంది కదా! ఆ తీగకు కరెంటు ట్రాన్స్‌ఫార్మరు తగిలించి, ప్రవాహాన్ని నమోదు చేసి, దాని వర్ణపటం గీస్తే లోపలి రోటారు సంగతి చాలావరకు బయటపడుతుంది. (ఆ ట్రాన్స్‌ఫార్మరు ద్వితీయ చుట్టను మాత్రం ఎన్నడూ తెరిచి ఉంచకూడదు, ప్రాణాంతకమైన వోల్టేజి పుట్టవచ్చు.)

పట్టకం సూర్యకాంతిని రంగులుగా విడదీసినట్టు, కరెంటులో ఏయే పౌనఃపున్యాలు ఎంతెంత ఉన్నాయో విడదీసి చూపేదే ఈ వర్ణపటం. 1965లో కూలీ, టూకీ ప్రచురించిన ఎఫ్.ఎఫ్.టి. అనే గణన పద్ధతి ఈ పనిని కంప్యూటరుకు సులువు చేసింది. అయితే సంకేతాన్ని సరిగా సిద్ధం చేయకుండా దానికి అప్పగిస్తే, అది లేని జబ్బును చూపుతుంది, ఉన్న జబ్బును దాస్తుంది.

మనం వెతికేది ఏమిటో ముందు చూద్దాం. నాలుగు ధ్రువాల ఇండక్షన్ మోటారుకు 50 హెర్ట్జ్ సరఫరా ఇస్తే అందులోని అయస్కాంత క్షేత్రం నిమిషానికి 1500 చుట్లు తిరుగుతుంది. రోటారు కాస్త వెనకబడి 1470 చుట్లు తిరుగుతున్నదనుకోండి. నూటికి 2 వంతులైన ఈ వెనకబాటునే స్లిప్ అంటారు. రోటారు కడ్డీల్లో ఒకటి విరిగితే, స్లిప్‌కు రెట్టింపు దూరంలో, అంటే 50లో 4 శాతమైన 2 హెర్ట్జ్ ఎడంతో, 48 దగ్గర ఒకటి, 52 దగ్గర ఒకటి చిన్న శిఖరాలు లేస్తాయి. అవి అసలు శిఖరంలో నూరో వంతు, ఒక్కోసారి మూడు వందలో వంతు మాత్రమే ఉంటాయి. చిక్కంతా ఇక్కడే ఉంది.

కంప్యూటరు కరెంటును ఎడతెగకుండా చూడదు. సెకనుకు ఇన్నిసార్లని నమూనాలు తీస్తుంది. సినిమాలో బండి చక్రం వెనక్కి తిరుగుతున్నట్టు కనిపించడం మీరు గమనించే ఉంటారు. ఇక్కడా అదే మాయ జరుగుతుంది. సెకనుకు 1000 నమూనాలు తీస్తే 500 హెర్ట్జ్ దాటినవన్నీ మడతపడి కింద ప్రత్యక్షమవుతాయి. రెక్టిఫయర్లు పనిచేసే చోట సరఫరాలో 19వ హార్మోనిక్ కూడా ఉంటుంది. మన గ్రిడ్ పౌనఃపున్యం సరిగ్గా 50 దగ్గరే నిలవదు, 49.9 ఉందనుకుందాం. దానికి 19 రెట్లు 948.1. అది 1000 నుంచి మడతపడి 51.9 దగ్గర తేలుతుంది. విరిగిన కడ్డీ చూపే పై శిఖరం రావలసిన చోటూ అదే! తొందరపాటు మనిషైతే బాగున్న మోటారును విప్పదీయిస్తాడు. అదే బోరు మోటారైతే గొట్టాలతో సహా పైకి లాగించాలి. ఆ ఖర్చు రైతుది. అందుకే నమూనాలు తీయకముందే, పై పౌనఃపున్యాలను అడ్డుకునే ఫిల్టరును తీగలోనే పెట్టాలి. మడత పడ్డాక కంప్యూటరులో ఎంత వడపోసినా లాభం లేదు.

ఇక రెండో చిక్కు. 10 సెకన్లు నమోదు చేశామనుకోండి. సరఫరా 49.93 హెర్ట్జ్ అయితే అందులో 499.3 ఆవృత్తాలు పడతాయి. చివరి ఆవృత్తం మధ్యలో తెగుతుంది. ఆ తెగిన అంచు వల్ల అసలు శిఖరం తన చోట నిలవక ఇరుపక్కలకూ ఒలుకుతుంది. 2 హెర్ట్జ్ దూరాన కూడా ఈ ఒలుకు అసలు శిఖరంలో సుమారు నూరో వంతు ఉంటుంది. మూడు వందలో వంతున్న మన శిఖరం అందులో మునిగిపోదా?

దీనికి మందు, నమోదును రెండు కొసల దగ్గర సున్నాకు మెల్లగా దించే ‘కిటికీ’తో గుణించడం. ఎక్కువగా వాడేది హాన్ కిటికీ. ఆస్ట్రియా వాతావరణ శాస్త్రవేత్త యూలియస్ ఫాన్ హాన్ పేరు మీద వచ్చింది. (వానల లెక్క చూసినాయన పేరు మోటార్లకు పనికిరావడం సరదాగా లేదూ!) దీనితో ఆ ఒలుకు పదివేలో వంతుకన్నా తగ్గుతుంది. శిఖరాల ఎత్తు సగమవుతుంది కాబట్టి 2తో గుణించుకోవాలి. నిష్పత్తులు మాత్రమే కావాలంటే ఆ శ్రమా అక్కర్లేదు. గుణించే ముందు నమోదు సగటును తీసివేయడం మరవకండి; లేకుంటే కొలిచే పరికరంలోని స్థిర దోషం సున్నా దగ్గర పెద్ద శిఖరంగా నిలబడుతుంది.

కిటికీ ఊరికే రాదు. శిఖరాన్ని లావు చేస్తుంది. 10 సెకన్ల నమోదులో గీతల మధ్య దూరం 0.1 హెర్ట్జ్, హాన్ కిటికీతో ప్రధాన శిఖరం ఇటు 0.2, అటు 0.2 దాకా పరుచుకుంటుంది. శిఖరాలు 2 హెర్ట్జ్ దూరంలో ఉన్నప్పుడు ఇబ్బంది లేదు. మోటారు మీద బరువు తగ్గి స్లిప్ అర శాతానికి దిగితే మాత్రం అవి 49.5, 50.5కి జరుగుతాయి. అప్పుడు 2 సెకన్ల నమోదు చాలదు. ప్రధాన శిఖరమే ఇరువైపులా ఒక్కో హెర్ట్జ్ పరుచుకుని వాటిని మింగేస్తుంది. నమోదు చివర సున్నాలు చేర్చి పొడిగిస్తే గీత నున్నగా కనిపిస్తుంది గాని, కలిసిపోయిన శిఖరాలు విడిపోవు. ఎక్కువసేపు నమోదు చేయడమే దారి. ఆ సేపంతా మోటారు మీద బరువు మారకుండా ఉండాలి. మారితే స్లిప్ మారి, శిఖరం ఒకచోట నిలవక చెదిరిపోతుంది.