రాతిపొడిని చదివే యంత్రం

ప్రొద్దుటూరు బంగారు అంగళ్లలో నగను ఒక పెట్టెలో పెట్టి, ఎక్స్‌కిరణాలు తగిలించి, అందులో బంగారమెంతో రాగి ఎంతో నిమిషాల్లో చెప్పేస్తారు. ఆ యంత్రం మూలకాలను లెక్కపెడుతుంది, అంతే. పరమాణువులు ఏ వరుసలో కూర్చున్నాయో దానికి పట్టదు. ఆ వరుసను చెప్పేది పౌడర్ డిఫ్రాక్టోమీటర్, ప్రయోగశాలల వాడుకలో ఎక్స్‌ఆర్‌డీ.

పక్కనే ఎర్రగుంట్ల, జమ్మలమడుగు వైపు సున్నపురాయిని కాల్చి సిమెంటు చేసేవాళ్లకు కావలసింది ఈ వరుసే. బట్టీలోంచి వచ్చే క్లింకర్‌లోని ఎలైట్, బెలైట్ అనే రెండు ఖనిజాల్లోనూ ప్రధానంగా ఉండేవి కాల్షియం, సిలికాన్, ఆక్సిజనే. కానీ ఎలైట్ తొలి వారాల్లోనే గట్టిపడుతుంది, బెలైట్ నెలల మీద బలం పుంజుకుంటుంది. మూలకాల లెక్కనుంచి వీటి పాళ్లను అంచనా కట్టే బోగ్ సూత్రం 1929 నుంచీ ఉంది. బట్టీలో రసాయన చర్యలన్నీ పూర్తయ్యాయని నమ్మి కట్టే లెక్క అది. బట్టీ మాత్రం రోజూ ఒకే తీరుగా కాలదు. అందుకే ఖనిజాలనే నేరుగా కొలవాలి.

పొడిని చదివే విద్య 1916లో గోటింగెన్‌లో పుట్టింది. పీటర్ డిబై, పాల్ షెరర్ పొడి మీద ఎక్స్‌కిరణాలు పంపితే ఫిల్మ్ మీద వలయాలు పడ్డాయి. మరుసటి ఏడు అమెరికాలో ఆల్బర్ట్ హల్ సొంతంగా అదే దారి కనిపెట్టాడు. 1940లలో ఫిలిప్స్ సంస్థలో విలియం పారిష్, సహచరులు ఫిల్మ్ స్థానంలో కౌంటర్‌ను కూర్చోబెట్టారు. వలయాలు గ్రాఫు మీద శిఖరాలయ్యాయి; ఏ కోణం దగ్గర శిఖరం వస్తుందో పరమాణువుల వరుసే నిర్ణయిస్తుంది.

చిక్కల్లా శిఖరాలు ఒకదానిమీద ఒకటి ఎక్కడం. రాగి గొట్టం, అంటే రాగి నుంచి ఎక్స్‌కిరణాలు పుట్టించే గొట్టం, వాడితే ఎలైట్, బెలైట్ ముఖ్య శిఖరాలు 32 డిగ్రీల చుట్టూ కలిసిపోతాయి. నెదర్లాండ్స్‌లోని పెట్టెన్ రియాక్టర్ దగ్గర న్యూట్రాన్లతో పనిచేసిన హ్యూగో రీట్‌వెల్డ్ 1969లో ప్రచురించిన పద్ధతి ఈ ముడి విప్పింది. శిఖరాలను విడదీసే ప్రయత్నం మాని, స్ఫటిక నిర్మాణంనుంచి మొత్తం గ్రాఫునే లెక్కగట్టి, అది కొలిచిన గ్రాఫుకు సరిపోలేదాకా సవరిస్తూ పోవడమే ఆ పద్ధతి. 1970లలోనే అది ఎక్స్‌కిరణాలకూ వచ్చింది. నా దృష్టిలో ఈ యంత్రానికి అసలు జీవం పోసినవాడు రీట్‌వెల్డే.

మరి ఈ యంత్రంలో ఏ అమరిక మేలు? జవాబు రాయిని బట్టి మారుతుంది. పులివెందుల ప్రాంతపు ముగ్గురాయినే, అంటే బెరైటీస్‌నే తీసుకోండి. దాన్ని నూరి పళ్లెంలో అదిమితే పలకలు పేకముక్కల్లా బల్లపరుపుగా పరుచుకుంటాయి, కొన్ని శిఖరాలు అబద్ధంగా పెరుగుతాయి. సన్నని గాజు గొట్టంలో నింపి తిప్పుతూ కొలిస్తే ఈ బెడద చాలావరకు తగ్గుతుంది. కానీ బేరియం రాగి కిరణాలను గట్టిగా పీల్చేస్తుంది. మాలిబ్డినం గొట్టం పెడితే కిరణాలు బాగా చొచ్చుకుపోతాయి గానీ శిఖరాలు ఇరుకునపడతాయి. ఇనుము ఎక్కువున్న నల్లరాయికి రాగి గొట్టం వాడితే ఇనుమే మెరిసి గ్రాఫు అడుగుమట్టం లేస్తుంది. అక్కడ కోబాల్టు గొట్టం నయం. ఒకసారికి ఒక్క కోణాన్నే కొలిచే పాత కౌంటర్‌కు గంటలు పట్టే పని కొత్త సిలికాన్ పట్టీ డిటెక్టర్‌తో నిమిషాల్లో అవుతుంది. ఆ వేగం సిమెంటు ఫ్యాక్టరీకి ప్రాణం, పరిశోధకుడికి సౌకర్యం.

హద్దులూ ఉన్నాయి. తుమ్మలపల్లె యురేనియం గని ఖనిజంలో యురేనియం ఒక శాతంలో పదో వంతు కూడా లేదు. మామూలు ఎక్స్‌ఆర్‌డీకి అది కనిపించదు. దానికి ఆశ్రయమిచ్చిన డోలమైట్ మాత్రం 31 డిగ్రీల దగ్గర స్పష్టంగా నిలబడుతుంది. ఆ కబురు చిన్నదేం కాదు: ఆమ్లం పోస్తే డోలమైటే తాగేస్తుంది కాబట్టి అక్కడ యురేనియాన్ని క్షార ద్రావణంతో తీస్తారు.

కొత్తగా ఈ యంత్రం కొనబోయే కళాశాలలకు, ఫ్యాక్టరీలకు ఒక మనవి. అమ్మకందారు తెచ్చే శుద్ధమైన నమూనాల గ్రాఫు చూసి డబ్బు కట్టకండి. మీ ముగ్గురాయి, మీ డోలమైట్, మీ క్లింకర్ పొడులు పంపి, కొలిచిన ముడి అంకెలు తెప్పించుకుని, రీట్‌వెల్డ్ లెక్క మీరే వేసి చూసుకోండి.