కుజుడి మీద గాలిదుమారం

కుజుడు అనగానే కొందరికి జాతకాలు గుర్తుకొస్తాయి. నేను రాసేది అక్కడి వాతావరణం గురించి. కుజుణ్ణే అంగారకుడు అని కూడా అంటారు. అది కూడా మన భూమిలాగే కొంచెం ఒరిగి తిరుగుతుంది. కాబట్టి అక్కడా ఎండాకాలం, చలికాలం ఉన్నాయి. కాకపోతే అక్కడి ఏడాది అంటే మన 687 రోజులు. చలికాలం వచ్చిందంటే ఒక పట్టాన పోదు.

అక్కడి గాలిలో నూటికి 95 పాళ్ళు కార్బన్ డయాక్సైడే. చలికాలంలో ధ్రువం దగ్గర నెలల తరబడి సూర్యుడు కనపడడు. చలి సున్నాకు కింద 125 డిగ్రీల దాకా దిగుతుంది. అప్పుడు ఏమవుతుందంటే, ఆ గాలే గడ్డకట్టి నేల మీద మంచులా పడుతుంది! నాకైతే మొదట నమ్మబుద్ధి కాలేదు. కానీ 1976లో దిగిన రెండు వైకింగ్ నౌకలు అక్కడి గాలి ఒత్తిడిని కొలిచాయి. ఏడాదిలో అది దాదాపు నాలుగో వంతు తగ్గి, మళ్ళీ పెరిగింది. ఎండ తగలగానే ఆ మంచు నీరు కాదు. మనం ట్రంకు పెట్టెలో వేసుకునే కలరా ఉండల్లాగా తిన్నగా ఆవిరైపోతుంది.

ఫీనిక్స్ అనే నౌక 2008 మే 25న ఉత్తరాన దిగింది. నవంబరు నుంచి దాని కబురు లేదు. 2010లో పైనుంచి ఫోటో తీస్తే, మంచు బరువుకు దాని సోలార్ పలకలు విరిగినట్టు కనిపించింది.

ఇక దుమ్ము సంగతి. కుజుడు సూర్యుడికి ఒకప్పుడు 24.9 కోట్ల కిలోమీటర్ల దూరంలో ఉంటే, ఒకప్పుడు 20.7 కోట్లకు వస్తాడు. ఆ దగ్గరయ్యే రోజులే దక్షిణ భాగానికి ఎండాకాలం. మంచు అంచున ఒకపక్క చల్లన, ఒకపక్క వేడి. ఆ తేడాకే గాలులు లేస్తాయి. అక్కడి దుమ్ము పౌడరంత మెత్తన. లేచిన దుమ్ము ఎండకు కాగి గాలిని ఇంకా వేడెక్కిస్తుంది, గాలి ఇంకా జోరందుకుంటుంది. ఒక్కోసారి గ్రహం మొత్తం మూసుకుపోతుంది. 1971 నవంబరులో మారినర్ 9 వెళ్ళేసరికి అంతా దుమ్మే. పెద్ద పెద్ద అగ్నిపర్వతాల కొనలు మాత్రం పైకి కనపడ్డాయట. మన శ్రీహరికోట నుంచి వెళ్ళిన మంగళయాన్ కూడా 2014 సెప్టెంబరులో చేరిన కొద్ది రోజులకే ఒక దుమ్ము తుఫానును ఫోటో తీసింది.

సినిమాలో చూపించినట్టు ఆ గాలికి మనుషులు ఎగిరిపోరు. గాలి చాలా పలచన, ఒత్తిడి మన దగ్గర ఉన్నదాంట్లో నూరో వంతు కూడా లేదు. గంటకు 100 కిలోమీటర్ల గాలి వీచినా మనకు పిల్లగాలిలాగే ఉంటుంది. అసలు ప్రమాదం చీకటి. ఆపర్చునిటీ అనే బండి 2004లో దిగింది. 90 రోజులు పనిచేస్తే చాలనుకుని పంపితే 14 ఏళ్ళు తిరిగింది. 2018 జూన్ తుఫానులో ఎండ లేక దాని బ్యాటరీలు పడిపోయాయి. జూన్ 10న చివరిసారి పలికింది. ఎన్ని నెలలు పిలిచినా జవాబు లేదు. చివరికి 2019 ఫిబ్రవరి 13న నాసా వాళ్ళు ఇక అయిపోయిందని చెప్పేశారు. మన సోలార్ దీపం మీద దుమ్ము పడితే గుడ్డతో తుడిచేస్తాం. అక్కడ తుడిచేవాళ్ళు ఎవరు?

అదే తుఫానులో క్యూరియాసిటీ అనే ఇంకో బండి మాత్రం ఆగలేదు. దానికి ఎండతో పనిలేదు, ప్లుటోనియం వేడితో కరెంటు తయారవుతుంది.

- తొమ్మిదో తరగతి విద్యార్థి